వెంటిలేటర్ దగ్గర ఎవరి మాట చెల్లుతుంది?

హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి ఐసీయూ బయట ఓ గంట కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది: "మేం చేయాల్సిందంతా చేశాం. ఇక మీరంతా ఒకసారి మాట్లాడుకుని చెప్పండి." ఆ మాట అనేసి డాక్టరు లోపలికి వెళ్లిపోతారు. బయట కుర్చీల్లో పెద్దకొడుకు, అల్లుడు, ఊరి నుంచి దిగిన బాబాయి, వాట్సాప్ కాల్‌లో డాలస్ నుంచి చిన్నకొడుకు. ఇప్పటికి ఎంతయింది, ఇంకెంత అవుతుంది, ఇప్పుడు తీసుకెళ్తే నలుగురూ ఏమంటారు? మాటలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. లోపల పడుకున్న మనిషి ఏం కోరుకుంటున్నాడన్న ప్రశ్న చాలాసార్లు రానే రాదు. వచ్చినా జవాబు ఎవరికీ తెలియదు. చివరికి ఒకరు లేచి కౌంటరు దగ్గరికి వెళ్లి, వైద్యుల సలహాకు విరుద్ధంగా సొంత పూచీ మీద తీసుకెళ్తున్నామన్న కాగితం మీద సంతకం పెడతారు. ఆసుపత్రి భాషలో దాని పేరు లామా. అంబులెన్స్‌లో, చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుకుంటూ ఇంటిదాకా తెస్తారు. ఆ తర్వాత గంటలే మిగులుతాయి.

కారుణ్య మరణం అనగానే టీవీ చర్చల్లో స్విట్జర్లాండ్ వస్తుంది, భీష్ముడి ఇచ్ఛామరణం వస్తుంది. ఈ లామా సంతకం మాత్రం రాదు. మన దగ్గర చాలా ప్రాణాల విషయంలో ఆఖరి నిర్ణయం జరుగుతున్నది అక్కడే. పోయే మనిషి ఇష్టంతో ప్రమేయం లేకుండా, నొప్పి తగ్గించే ఏర్పాటు లేకుండా, చట్టం చూపించిన దారి ఒకటుందని కూడా తెలియకుండా అది జరిగిపోతోంది. స్వచ్ఛంద మరణం తప్పా ఒప్పా అని వాదించుకునే ముందు, మనకు ఇప్పటికే ఏది అనుమతి ఉంది, ఏది లేదు అన్నది తేల్చుకోవాలి.

ఒకే పేరు కింద మనం కలిపేస్తున్న పనులు చాలానే ఉన్నాయి. మొదటిది, రోగి అడిగాడని డాక్టరు ప్రాణం తీసే మందు ఇవ్వడం. ఇది భారతదేశంలో నేరం. రోగి చేతులు జోడించి వేడుకున్నా నేరమే. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి సమ్మతితో జరిగితే అది హత్య కిందికి రాకుండా, హత్య కాని శిక్షార్హమైన నరహత్య కిందికి వస్తుంది. శిక్ష భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ ప్రకారం అయిదేళ్ల నుంచి పదేళ్ల జైలు, లేదా యావజ్జీవం. రెండోది, మందు సమకూర్చి పెడితే రోగే దాన్ని వాడుకోవడం. ఇది ఆత్మహత్యకు ప్రేరేపించడం, సహకరించడం కిందికి వస్తుంది. 108వ సెక్షన్, పదేళ్ల దాకా జైలు. స్విట్జర్లాండ్‌లో చట్టం ఒప్పుకునేది ఈ రెండో పద్ధతినే. సాయపడేవారికి స్వార్థం ఉండకూడదన్నది అక్కడి షరతు. నెదర్లాండ్స్, బెల్జియం 2002 నుంచి మొదటిదాన్ని కూడా కట్టుదిట్టమైన నిబంధనలతో అనుమతిస్తున్నాయి.

మూడోది మన సుప్రీంకోర్టు ఒప్పుకున్నది: కోలుకునే ఆశ లేని రోగికి వెంటిలేటర్ లాంటివి పెట్టకపోవడం, పెట్టి ఉంటే తీసేయడం. నాలుగోదాన్ని జనం మర్చిపోతారు. తెలివిలో ఉన్న మనిషి "నాకు ఇక డయాలసిస్ వద్దు, కీమో వద్దు" అనడం. దానికి ఏ మెడికల్ బోర్డూ అక్కర్లేదు, ఏ కోర్టూ అక్కర్లేదు. మన ఒంటి మీద మన అనుమతి లేకుండా వైద్యం చేసే హక్కు ఎవరికీ లేదు. ఐదోది మార్ఫిన్. క్యాన్సర్ చివరి దశలో నొప్పికి, ఆయాసానికి మార్ఫిన్ ఇస్తుంటే "పైకి పంపించే మందు ఇస్తున్నారు" అని చుట్టాలు చెవులు కొరుక్కుంటారు. తగిన మోతాదులో, నొప్పి తగ్గించే ఉద్దేశంతో ఇచ్చే మార్ఫిన్ కారుణ్య మరణం కాదు, వైద్యం. ఇక బ్రెయిన్ డెత్, అంటే మెదడు పూర్తిగా, శాశ్వతంగా ఆగిపోవడం, సంగతి పూర్తిగా వేరు. జీవన్‌దాన్ పథకంలో అవయవదానం చేసిన మనిషి వెంటిలేటర్ తీశాక చనిపోడు. అవయవదాన చట్టం లెక్కలో అప్పటికే చనిపోయి ఉంటాడు.

ఈ తేడాలు తెలియక నలిగిపోయిన ఒక కేసు ఈ ఊళ్లోనే జరిగింది. 2004లో హైదరాబాద్‌కు చెందిన పాతికేళ్ల చదరంగం ఆటగాడు కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఎలాగూ పోతాను కాబట్టి అవయవాలు పాడయ్యేలోపే, అంటే తన గుండె ఆగకముందే, వాటిని అవసరమైనవాళ్లకు ఇవ్వనివ్వండని అడిగాడు. తల్లి ఆ కోరిక పట్టుకుని అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. చట్టం ప్రకారం ఒప్పుకునే వీల్లేదు కూడా: 1994 అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్ డెత్ ఖాయమయ్యాకే అవయవాలు తీయమంటుంది. అదే డిసెంబరులో అతను కన్నుమూశాడు. అప్పట్లో పేపర్లు దీన్ని కారుణ్య మరణం కేసుగానే రాశాయి. నిజానికి అందులో రెండు వేర్వేరు కోరికలున్నాయి. ఒకటి, ఈ యంత్రం ఇక చాలు. రెండు, నా అవయవాలు ఇప్పుడే తీసుకోండి. మొదటిది ఇవాళ అడిగితే చట్టం వింటుంది. రెండోదానికి ఇవాళ కూడా జవాబు కాదనే. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరో సంగతి: ఆ కేసులో రోగి తన నోటితో తనే అడిగాడు. మన కోర్టుల దాకా వచ్చిన వాటిలో అలాంటివి అరుదు.

దానికి పూర్తిగా ఎదురుగా ఉన్న కేసు 2016లో చిత్తూరు జిల్లాలో వచ్చింది. కాలేయం చెడిపోయిన పసిపాప, వైద్యానికి స్తోమత లేని తల్లిదండ్రులు. పాపను చంపడానికైనా అనుమతి ఇవ్వండని కోర్టు మెట్లెక్కారు. విషయం పేపర్లకెక్కాక ప్రభుత్వం ఖర్చు భరిస్తానంది. పాపకు కాలేయ మార్పిడి జరిగింది. వాళ్లు అడిగింది చావు, కావలసింది డబ్బు. ఏటా ఇలాంటి అర్జీలు కలెక్టరేట్ల ముందు, మానవ హక్కుల సంఘాల ముందు కనిపిస్తూనే ఉంటాయి. వాటికి 'కారుణ్య మరణం కోసం విజ్ఞప్తి' అని హెడ్డింగ్ పెట్టేటప్పుడు పత్రికలు కాస్త ఆగి ఆలోచించాలి. అక్కడ ఎవరికీ నిజంగా కావలసింది చావు కాదు.

చట్టం ఇక్కడిదాకా వచ్చిన తీరు కూడా తిన్నగా లేదు. ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత 309 సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని 1980ల చివర్లో మన హైకోర్టు తీర్పు చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి మళ్లీ నిలబెట్టింది. జీవించే హక్కులో చచ్చే హక్కు లేదని తేల్చింది. అయితే అదే తీర్పులో, సహజంగా ఆరిపోతున్న ప్రాణం గౌరవంగా ముగియడం జీవించే హక్కులో భాగమేనన్న వాక్యం కూడా ఉంది. తర్వాత జరిగిన కథంతా ఆ వాక్యం పట్టుకుని నడిచిందే. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 309కి సాటి సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తేనే 226 కింద నేరం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి వైద్యం, ఆసరా ఇవ్వమంటుంది.

అరుణా శాన్‌బాగ్ పేరు చాలామందికి తెలుసు. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు. 1973 నవంబర్ 27న అదే ఆసుపత్రిలో పనిచేసేవాడి దాడిలో మెదడు దెబ్బతిని, 2015 మే 18న న్యుమోనియాతో పోయేదాకా మంచం మీదే ఉంది. ఆమెకు ఆహారం ఇవ్వడం ఆపి పోనివ్వమని జర్నలిస్టు పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011 మార్చి 7న కొట్టేసింది. గాలిబ్ షేర్‌తో మొదలయ్యే ఆ తీర్పు రాసింది జస్టిస్ మార్కండేయ కట్జూ. పిటిషన్ కొట్టేస్తూనే, హైకోర్టు అనుమతితో వైద్యం ఆపవచ్చని దారి తెరిచారు. అరుణ తరఫున మాట్లాడే అర్హత ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు కోర్టు కేఈఎం సిబ్బంది వైపు చూపించింది. వాళ్లు ఆమెను బతికించుకోవాలనే అన్నారు. దశాబ్దాల తరబడి సేవ చేసిన నర్సుల మాటకు విలువ ఉండాల్సిందే. కానీ అరుణ ఏమని ఉండేదో ఎవరికీ తెలియదు. ఆ తీర్పులో నాకు కనిపించే పెద్ద ఖాళీ అదే.

ఇందులో మనవాళ్ల పాత్ర గురించి తెలుగు పత్రికలు పెద్దగా రాయలేదు. నయమయ్యే ఆశ లేని రోగులకు వైద్యం ఆపే విషయంలో రోగికీ డాక్టరుకీ రక్షణ ఇస్తూ చట్టం చేయమని 2006లో 196వ నివేదిక ఇచ్చిన లా కమిషన్‌కు అధ్యక్షుడు జస్టిస్ ఎం. జగన్నాథరావు. అరుణ తీర్పు తర్వాత 2012లో ఇదే అంశం మీద 241వ నివేదిక ఇచ్చింది జస్టిస్ పి.వి. రెడ్డి కమిషన్. ఇద్దరూ మన హైకోర్టులో పనిచేసి ఢిల్లీ వెళ్లినవారే. ఇద్దరు తెలుగు జడ్జీలు చెప్పినా పార్లమెంటు చట్టం చేయలేదు. 2016లో ఆరోగ్యశాఖ ఒక ముసాయిదా బిల్లు బయటపెట్టింది, అది ముసాయిదాగానే ఉండిపోయింది.

అందుకే ఇవాళ మనకున్నది చట్టం కాదు, తీర్పు. కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించడం జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణంలో భాగమంది. లివింగ్ విల్‌ను, అంటే మాట్లాడలేని స్థితి వస్తే తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసి పెట్టుకునే కాగితాన్ని, గుర్తించింది. అప్పుడు పెట్టిన పద్ధతి ఎంత బరువుగా ఉందంటే, విల్లు మీద సంతకం పెట్టాలంటే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందు నిలబడాలి, వైద్యం ఆపాలా వద్దా అని తేల్చే బోర్డులో డాక్టర్లకు 20 ఏళ్ల అనుభవం ఉండాలి. ఎవరూ అటువైపు పోలేదు. 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నాయకత్వంలోని ధర్మాసనం దాన్ని సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలు.

మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బు. ఒకసారి వెంటిలేటర్ మీదికి వెళ్లి వచ్చారు. సాక్షి సంతకానికి రమ్మంటే కోర్టు దగ్గర నోటరీ బల్ల దాకా ఆయనతో వెళ్లాను. నోటరీ పైపైన చూసి, "ఆస్తి ఎవరి పేరు మీద రాస్తుండ్రు సార్?" అనడిగాడు. "ఆస్తి ఎప్పుడో పంచేశానయ్యా, ఇది నా వైద్యం గురించి" అన్నారు మాస్టారు. నోటరీ రెండోసారి నిదానంగా చదివి, "ఇట్ల రాయొచ్చా?" అన్నాడు. మాస్టారు సంచిలోంచి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రింటు తీసి, పెన్సిల్‌తో గీత గీసిన చోట వేలు పెట్టి చూపించారు. ముద్ర పడింది.

ఆయన రాసుకున్నది పేజీ కూడా లేదు. నాకు స్పృహ తప్పి, ఇక కోలుకోనని డాక్టర్లు తేలిస్తే గొంతులో ట్యూబు వేయొద్దు, వేసి ఉంటే తీసేయండి. ఆయాసం తెలియకుండా మందు ఇవ్వండి, దానివల్ల రెండు రోజులు ముందే పోయినా ఫర్వాలేదు. వీలైతే ఇంటికి తీసుకురండి. నా తరఫున మా పెద్దమ్మాయి నిర్ణయం తీసుకుంటుంది. కొడుకు పేరు ఎందుకు రాయలేదని అడిగాను. "వాడు నన్ను వదల్లేడు. అది వదలగలదు" అన్నారు. సాయంత్రం వీడియో కాల్‌లో కొడుకు మాత్రం, "నాన్నా, ఇప్పుడివన్నీ ఎందుకు, అశుభం" అంటూనే ఉన్నాడు.

ఈ కాగితం ఎప్పుడు పనికొస్తుందో కూడా తెలుసుకోవాలి. రాసిన మనిషి మాట్లాడగలిగినంత కాలం దానికి పని లేదు, నోటిమాటే చెల్లుతుంది. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. మాట్లాడలేని స్థితి వచ్చి, జబ్బు నయం కాదని తేలితే ఆసుపత్రి ముందు ప్రాథమిక బోర్డు వేస్తుంది: చూస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు. వాళ్లు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. తర్వాత రెండో బోర్డు: జిల్లా వైద్యాధికారి సూచించిన ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు. వాళ్లూ 48 గంటల్లో చెప్పాలి. రెండు బోర్డులూ ఒప్పుకుంటే, విల్లులో పేరున్నవారి సమ్మతి తీసుకుని, మేజిస్ట్రేట్‌కు కబురు పంపి, వైద్యం ఆపుతారు. కబురు పంపాలే కానీ ఆయన అనుమతి కోసం ఆగక్కర్లేదు. బోర్డు కాదంటే హైకోర్టు ఉంది. విల్లు లేకపోయినా కుటుంబ సభ్యుల సమ్మతితో ఇదే పద్ధతి నడుస్తుంది. అంటే లామా సంతకం పెట్టే ప్రతి కుటుంబానికీ ఈ దారి తెరిచే ఉంది. దీనిలో రోగిని బయటికి పంపించరు, నొప్పి మందు ఆపరు, అంబులెన్స్‌లో ఊపిరి కోసం కొట్టుకోనివ్వరు.

మరి ఆసుపత్రులు ఈ బోర్డులు ఎందుకు వేయవు? డాక్టర్లను అడిగితే భయం అంటారు. ఒక మేనల్లుడు వచ్చి "మా మామను చంపేశారు" అని అద్దాలు పగలగొడితే ఎవరు దిక్కు? పోలీసు కేసు, కన్జ్యూమర్ కోర్టు, మీడియా. లామా సంతకంతో ఆ టెన్షన్ అంతా కుటుంబం నెత్తికి మారిపోతుంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ వైద్యం ఆపడం మీద ముసాయిదా మార్గదర్శకాలు ఇస్తే, డాక్టర్ల మీద మరింత ఒత్తిడి పెరుగుతుందని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ అభ్యంతరం చెప్పింది. కర్ణాటక మాత్రం 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు అమలుకు ఉత్తర్వులిచ్చింది, రెండో బోర్డుకు డాక్టర్లను ఎలా నామినేట్ చేయాలో చెప్పింది. డాక్టరుకు ధైర్యం వచ్చేది ఇలాంటి సర్కారీ కాగితంతోనే.

ఇక నీతి సంగతి. వైద్యం ఆపడం ఒప్పు, ఇంజెక్షన్ ఇవ్వడం తప్పు అన్న గీత నిజంగా నిలుస్తుందా? అమెరికా తత్వవేత్త జేమ్స్ రేచల్స్ 1975లోనే దీన్ని ప్రశ్నించాడు. ఫలితం ఒకటే, ఉద్దేశం ఒకటే అయినప్పుడు, వైద్యం ఆపి రోజుల తరబడి తీసుకుని తీసుకుని పోనివ్వడం కంటే త్వరగా ముగించడమే దయ కదా అన్నాడు. ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గాంధీకీ ఇలాంటి సంకటమే వచ్చింది. 1928లో సబర్మతి ఆశ్రమంలో నయంకాని జబ్బుతో గిలగిల్లాడుతున్న ఆవుదూడకు ఇంజెక్షన్ ఇప్పించి ప్రాణం తీయించాడు. అహింసావాది గోహత్య చేశాడని దేశమంతా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆయన వెనక్కి తగ్గలేదు, అది హింస కాదనే రాశాడు.

మన సంప్రదాయమూ ఒకే మాట చెప్పదు. ఆత్మహత్య మహాపాపం అంటుంది, ప్రాయోపవేశాన్ని గౌరవిస్తుంది. వినోబా భావే 1982లో మందు, అన్నం మానేసి వెళ్లిపోతే దేశం దణ్ణం పెట్టింది. చావుదాకా ఉపవాసం ఉండే జైనుల సంథారాను 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు నేరమంటే, ఆ నెలలోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ప్రాణం తీసే హక్కు మనిషికి లేదని ఇస్లాం, క్రైస్తవం గట్టిగా చెబుతాయి. అయినా పనికిరాని వైద్యాన్ని సాగదీయాల్సిన పని లేదని 1957లో పోప్ పన్నెండో పయస్ అన్నాడు. ముస్లిం పండితుల్లోనూ చాలామంది ఆ మాటకు అడ్డు చెప్పరు. అంటే 'ఆపడం' దగ్గర దాదాపు అందరూ కలుస్తారు, 'చేయడం' దగ్గర విడిపోతారు. భీష్ముడి ఉదాహరణ తెచ్చేవాళ్లు ఒకటి మర్చిపోతారు. అంపశయ్య మీద ఆయన మాట్లాడగలిగాడు. మన ఐసీయూలో గొంతులో ట్యూబు ఉంటుంది.

అసలు చిక్కు ముక్కులోంచో పొట్టలోంచో వేసే ఆహారపు గొట్టం దగ్గర వస్తుంది. వెంటిలేటర్ యంత్రం, తీసేస్తే సరే. గొట్టంలో పోసే గంజి? ప్రమాదంలో తల దెబ్బతిని పదేళ్లకు పైగా మంచాన పడి ఉన్న ఒక యువకుడి విషయంలో తల్లిదండ్రులు అడిగితే, అతను ఏ యంత్రం మీదా లేడు కదా అని ఢిల్లీ హైకోర్టు 2024లో కాదంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 చివర్లో కోర్టు మెడికల్ బోర్డుల చేత అతన్ని పరీక్ష చేయించి, 2026 మార్చిలో ఆ గొట్టం ఆపడానికి ఒప్పుకుంది. పోయేవారి నోట్లో తులసి తీర్థం పోయకపోతే గతి ఉండదనుకునే ఇళ్లలో, తిండి ఆపడం అనే మాటే నోటికి రాదు. కానీ మింగే శక్తి పోయిన శరీరంలోకి గొట్టం ద్వారా పోసేది అన్నం పెట్టడం కాదు, వైద్యమేనని చాలా దేశాల న్యాయం. నేనూ అటువైపే. అయితే ఆ గొట్టం తీసే నిర్ణయం రోగి ముందే రాసి ఉంటే ఒకలా, అలసిపోయిన కుటుంబం తీసుకుంటే ఇంకోలా ఉంటుంది. రెండోదాంట్లో బోర్డు మరింత జాగ్రత్తగా చూడాలి.

ప్రాణం తీసే ఇంజెక్షన్ చట్టబద్ధం కావాలా అన్నదానికి వస్తే, సూత్రం మీద నేను అడ్డు చెప్పలేను. నరాల జబ్బుతో ఒళ్లంతా బిగుసుకుపోతూ, బుర్ర మాత్రం చురుగ్గా ఉన్న మనిషి ఏ యంత్రం మీదా ఉండడు, ఆపడానికి ఏమీ ఉండదు. మన తీర్పు అతనికి ఇచ్చేది, ఊపిరి ఆగేదాకా ఆగమన్న సలహా ఒక్కటే. ఇది అన్యాయమే. కానీ ఇవాళ హైదరాబాద్‌లో అలాంటి చట్టం వస్తే దాన్ని వాడుకునేది అతనొక్కడే కాదు. "నా వల్ల మీకు అప్పులు" అని రోజూ అనుకునే పెద్దావిడ కూడా అడుగుతుంది. ఆమె సంతకం చేస్తుంది, వీడియోలో ఇష్టపూర్వకంగానే అని చెబుతుంది. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో తలైకూత్తల్ పేరుతో ముసలివాళ్లను పంపించేసే ఆచారం గురించి వచ్చిన కథనాల్లో కూడా, పెద్దవాళ్లే ఒప్పుకున్నారన్న మాట వినిపిస్తుంది. కెనడా 2016లో చివరి దశ రోగులతో మొదలుపెట్టి, 2021లో చావు దగ్గర్లో లేనివారికీ విస్తరించింది. సరైన ఇల్లు, సాయం దొరక్క కొందరు వికలాంగులు దరఖాస్తు చేశారన్న వార్తలు అక్కడ దుమారం రేపాయి. మానసిక జబ్బు ఒక్కటే కారణమైనవారికి అనుమతిని 2027 మార్చి దాకా వాయిదా వేశారు. అందరికీ ప్రభుత్వ వైద్యం ఉన్న దేశం పరిస్థితి అది. మన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగినా, ఐసీయూ బయట కుర్చీల్లో లెక్కలు ఆగలేదు.

నొప్పి తగ్గించకుండా "చావాలనుందా?" అని అడిగితే వచ్చే జవాబును ఇష్టం అనలేం. మార్ఫిన్ మాత్ర ఖరీదైనదేమీ కాదు. 1985 మాదకద్రవ్యాల చట్టం భయంతో మందుల షాపులు, ఆసుపత్రులు దాన్ని దూరం పెట్టాయి. 2014లో చట్టం సడలించారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ విభాగం ఏళ్ల తరబడి నడుస్తోంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పైస్ చివరి దశ రోగులను డబ్బు తీసుకోకుండా చూసుకుంటోంది. చేవెళ్లతో మొదలుపెట్టి జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి. వీటి గురించి ఐసీయూ డాక్టరు ఒక్క మాట చెప్పినా చాలా లామా సంతకాలు పడవు. ఇంకోటి: చచ్చిపోవాలన్న కోరిక చాలాసార్లు డిప్రెషన్‌లోంచి వస్తుంది, దానికి మందు ఉంది. జబ్బుతోనో, జబ్బు మనిషిని చూసుకుంటూనో విసిగిపోయినవాళ్లు టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

లివింగ్ విల్ రాసుకున్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అర్ధరాత్రి ఊపిరాడకపోతే ఇంట్లోవాళ్లు 108కి ఫోన్ చేస్తారు. వచ్చినవాళ్లు బతికించే పనిలోనే ఉంటారు, ఎమర్జెన్సీలో ట్యూబు పడిపోతుంది. అది తీయాలంటే మళ్లీ రెండు బోర్డులు కావాలి. అందుకే ఒక ప్రతి ఫ్యామిలీ డాక్టరు దగ్గర, ఒకటి పేరు రాసినవారి దగ్గర, ఒకటి తీర్పు చెప్పినట్టు మున్సిపల్ అధికారి దగ్గర ఉండాలి. ఫొటో ఇంట్లో ప్రతి ఫోన్‌లోనూ ఉండాలి. అన్నిటికన్నా ముందు, అలాంటి రాత్రి 108 కంటే ముందు ఏ డాక్టరుకు ఫోన్ చేయాలి, ఆయాసానికి ఇంట్లో ఏ మందు సిద్ధంగా ఉంచుకోవాలి అన్నది ఆ డాక్టరునే అడిగి, కాగితం కిందే రాయించుకోవాలి.